మూడో తరగతి బాబుకి రాసుకునే చోటు ఎలా అమర్చాలి? టేబులు ఎత్తు, కుర్చీ పొట్టి

చంపావతి_గట్టు:

అందరికీ నమస్కారం. విజయనగరంలో అద్దె పోర్షను, రెండు గదులు, వంటిల్లు. బాబుకి ఎనిమిదేళ్లు, మూడో తరగతి, ఎత్తు 124 సెం.మీ. హోంవర్కు అంటే మంచం మీద బోర్లా పడుకుని రాస్తాడు. లేపి డైనింగ్ టేబులు దగ్గర కూర్చోబెడితే ప్లాస్టిక్ కుర్చీలో మోకాళ్ల మీద లేచి, ఒక చెయ్యి టేబులు మీద చాపి, దాని మీద తల వాల్చి రాస్తాడు. పావుగంట తిరక్కుండానే మెడ నొప్పి, చెయ్యి లాగుతోంది అంటాడు.

టేబులు ఎత్తు 75 సెం.మీ., కుర్చీ సీటు 43. చోటు ఇవ్వగలిగేది ముందు గదిలోనే. పైన సిమెంటు రేకులు, ఒకవైపు పడమటి గోడ, ట్యూబులైటు వీధి తలుపు పైన. గోడలకి డ్రిల్లు వెయ్యొద్దని ఇంటివాళ్లు ముందే చెప్పారు. వాడి తరవాత నాలుగేళ్ల పాప కూడా ఉంది, అన్న దగ్గర పెన్సిలు కనిపిస్తే వదలదు.

రెడీమేడ్ స్టడీ టేబులు కొనాలా, వడ్రంగి చేత చేయించాలా? లైటు ఏది, ఎక్కడ పెట్టాలి? సాయంత్రం కరెంటు పోతే ఏం చెయ్యాలి? మూడు వేలు, మూడున్నర వేలు దాటకుండా అవ్వాలి.

బాడిసా_ఉలీ:

టేబులు కొలతలు ఇచ్చారు, కుర్చీ కొలత ఇచ్చారు, బాబు కొలతలు ఇవ్వలేదండీ. అవి లేకుండా ఏ కొట్టుకెళ్లినా వాళ్ల దగ్గరున్నదే మీకు అంటగడతారు. టేపు తీసుకుని మూడు కొలతలు తియ్యండి.

బాబుని గట్టి పీట మీదో స్టూలు మీదో కూర్చోబెట్టండి. చెప్పులు వద్దు, పాదాలు పూర్తిగా నేలకి ఆనాలి. మోకాలి వెనక మడత నుంచి నేల దాకా మొదటి కొలత. 124 సెం.మీ. పిల్లాడికి ఇది 31 అటూ ఇటూ వస్తుంది. తరవాత భుజాలు వదులుగా ఉంచి మోచేతులు మడవమనండి. మోచేతి అడుగు నుంచి కూర్చున్న పలక దాకా రెండోది, 17 లేదా 18 ఉంటుంది. వీపు గోడకి ఆనించి, వెనక నుంచి మోకాలి మడత దాకా మూడోది, 33 కాస్త అటూ ఇటూ.

రెండో కొలతకి 3 కలపండి, 21 అవుతుంది. సీటు పైనుంచి టేబులు పైదాకా ఉండాల్సిన ఎత్తు అంతే. మీ ఇంట్లో 75లో 43 తీస్తే 32. ఆ ఎక్కువైన 11 సెం.మీ. కోసమే బాబు మోకాళ్ల మీదకి లేస్తున్నాడు. అది అల్లరి కాదు, తన ఎత్తు తను సరిచేసుకుంటున్నాడు. లేవకుండా కూర్చోమంటే భుజాలు చెవుల దాకా ఎత్తి రాయాలి, మెడ నొప్పి అక్కడే మొదలవుతుంది.

ఈ సాయంత్రమే చేసుకోగలిగేది: ఉన్న టేబులు దగ్గరే బాబుని పైకి ఎత్తండి. సీటు 75 మైనస్ 21, అంటే 54 సెం.మీ.కి రావాలి. కుర్చీ మీద 11 సెం.మీ. ఎత్తు పెంచాలన్నమాట. దూది దిండు పెడితే బరువుకి సగానికి అణిగిపోతుంది, కొలత నిలవదు. ప్లైవుడ్ ముక్క మీద దుప్పటి గట్టిగా మడిచి, తాడుతో కుర్చీకి కట్టండి. ప్లాస్టిక్ కుర్చీ దీనికి పనికిరాదు. సీటు మధ్యలో గుంటగా, వెనక్కి వాలుగా ఉంటుంది, పైన పెట్టింది జారుతుంది, పిల్లాడు పక్కకి వంగితే కుర్చీ కూడా ఒరుగుతుంది. నాలుగు కాళ్ల కర్ర కుర్చీ కావాలి. ఇక సీటు 54కి వెళ్తే కాళ్లు గాలిలో వేలాడతాయి. 54లో 31 తీస్తే 23, ఆ ఎత్తున పాదాల కింద పీట పెట్టాలి. పీట లేకుండా సీటు ఎత్తితే తొడల కింద సీటు అంచు ఒత్తుకుని కాళ్లు తిమ్మిరెక్కుతాయి. పది నిమిషాలకొకసారి దిగిపోతాడు, మనం బుద్ధి నిలవడం లేదనుకుంటాం.

ఇది తాత్కాలికం. నాలుగేళ్లు పనికొచ్చేది చేయించాలంటే నా సలహా వేరే. బాబు ఎత్తుకి పొట్టి కుర్చీ, పొట్టి టేబులు చేయిస్తే రెండేళ్లకే రెండూ పనికిరావు. కుర్చీ మామూలు 43 సెం.మీ.దే ఉంచండి, చేతులు లేనిది. చేతులున్నవి టేబులు అంచుకి తగిలి కుర్చీ దగ్గరకి జరగదు, అప్పుడు పిల్లాడే ముందుకి వంగుతాడు. టేబులు మాత్రం 64 సెం.మీ. ఎత్తుకి చేయించండి, అంటే 25 అంగుళాలకి ఒకటిన్నర నూలు ఎక్కువ (నూలు అంటే అంగుళంలో ఎనిమిదో వంతు). పాదాల కింద 12 సెం.మీ. పీట. పిల్లాడు ఎదిగేకొద్దీ పీట పొట్టిదవుతుంది, టేబులు కాళ్ల కింద చెక్క ముక్కలు పడతాయి. కొత్త సామాను కొనక్కర్లేదు.

వడ్రంగి మేస్త్రికి చెప్పాల్సినవి:

పలక 19 మి.మీ. ప్లైవుడ్, 3 అడుగుల వెడల్పు, 2 అడుగుల లోతు. కొత్త షీటు కొనొద్దు. ప్లైవుడ్ కొట్లలో కట్ పీసులు విడిగా పడి ఉంటాయి, ఈ సైజు దొరుకుతుంది. కాళ్లు 2 అంగుళాల చదరం, వేప కర్ర చాలు. కలప అడితీలో ఎండిన కర్రే అడగండి. పచ్చిదైతే వేసవికి కుంచించుకుని కీళ్లు వదులై టేబులు ఊగుతుంది. ఊగే టేబులు మీద ఏ పిల్లాడికీ అక్షరం కుదరదు. మామిడి కర్ర చవగ్గా వస్తుంది, కానీ పురుగు తొందరగా పట్టి పిండి రాలుతుంది.

సొరుగు వద్దు. ఇక్కడే ఎక్కువమంది పొరపాటు చేస్తారు. సీటుకీ పలకకీ మధ్య 21, పలక మందం 2, మిగిలింది 19. అందులో 10 సెం.మీ. సొరుగు పెడితే 9 మిగులుతుంది, బాబు తొడ పట్టదు. ఇక పక్కకి తిరిగి కూర్చుని రాస్తాడు. ముందు వైపు అడ్డపట్టీ కూడా 2 అంగుళాలు మించకూడదు.

పలకని కాళ్ల చట్రానికి ఎల్ పట్టీలతో కింద నుంచి బిగించాలి, 16 మి.మీ. స్క్రూలు. తొందరలో అంగుళంబావు స్క్రూ వేస్తే మొన పైకి పొడుచుకొచ్చి నోట్‌బుక్కునీ చేతినీ గీరుతుంది. పలక ముందు అంచు, నాలుగు మూలలు గుండ్రంగా తీయించి గరుకు కాగితం పట్టించండి. పదునైన అంచు మీద ముంజేయి ఆనితే అరగంటకి ఎర్రటి చార పడుతుంది. పైన సన్‌మైకా వేయిస్తే మెరుపు లేనిదే, లేత రంగుది. తెల్లగా మెరిసేదైతే లైటు కంట్లోకి కొడుతుంది.

రెడీమేడ్ గురించి అడిగారు. ఆ ధరలో వచ్చేవి దాదాపు అన్నీ పార్టికల్ బోర్డువే. ఇల్లు తడిబట్ట పెట్టిన ప్రతిసారీ కాళ్ల అడుగు నీళ్లు పీల్చి ఉబ్బుతుంది, ఒకసారి ఉబ్బితే స్క్రూ పట్టదు. ఎత్తు కూడా పెద్దవాళ్ల 75. కొనాల్సి వస్తే ఇనప కాళ్లవి చూడండి, పిల్లాడిని తీసుకెళ్లి కూర్చోబెట్టి చూడండి.

చంపావతి_గట్టు:

ఇప్పుడే కొలిచాను. 31, 18, 33. మీరు చెప్పినట్టే ఉన్నాయండీ. రెండు సందేహాలు. గచ్చు నున్నగా ఉంది, పీటని కాళ్లతో తంతే జారిపోతుందేమో? కుర్చీ సీటు లోతు 42 ఉంది, వీపు ఆనితే మోకాళ్లు మడవలేకపోతున్నాడు. ఇంకోటి, చెప్పడం మరిచాను, బాబుది ఎడమచేతి వాటం.

వోల్టు_మీటరు:

ఎడమచేతి వాటం అంటే లైటు సంగతి మొత్తం తిరగబడుతుంది. మంచిదే, ముందే చెప్పారు.

కుడిచేత్తో రాసేవాళ్లకి వెలుగు ఎడమ ముందు నుంచి రావాలి. మీ బాబుకి కుడి ముందు నుంచి. లేకపోతే రాసే చేతి నీడ సరిగ్గా రాస్తున్న అక్షరం మీదే పడుతుంది, దాన్ని తప్పించుకోడానికి తల పక్కకి వంచుతాడు. చూసుకునే పద్ధతి సులువు. బాబుని కూర్చోబెట్టి నోట్‌బుక్కు మీద పెన్సిలు నిలబెట్టండి. నీడ రాసే చేతి వైపు, అంటే ఎడమకి, పడితే సరే. పుస్తకం మధ్యకి పడితే లైటు జరపండి. నోట్‌బుక్కు కూడా పై అంచు కుడికి వాలేలా ఏటవాలుగా పెట్టాలి. అప్పుడు మణికట్టు వంచకుండా రాయొచ్చు, రాసింది చేతికింద పడి అలుక్కుపోదు.

వీధి తలుపు పైనున్న ట్యూబులైటుకి వీపు పెట్టి కూర్చుంటే తల నీడ పేజీ అంతా కమ్మేస్తుంది. దాన్ని గది వెలుగుగా ఉంచి, టేబులు మీదకి వేరే దీపం పెట్టండి. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు, అది సుమారు 900 ల్యూమెన్ల వెలుగు ఇస్తుంది. గొట్టం మెడ ఉన్న టేబుల్ ల్యాంపులో పెట్టి, బల్బు పలకకి 40, 45 సెం.మీ. పైన ఉండేలా వంచితే రాతకి కావలసిన 300 నుంచి 500 లక్సు (పేజీ మీద పడే వెలుగు కొలత) దాటే వస్తుంది. అదే బల్బుని రెట్టింపు దూరం తీసుకెళ్తే వెలుగు సగం కాదు, నాలుగో వంతుకి పడిపోతుంది. పెద్ద వాట్ల బల్బు గోడకి బిగించడం కంటే చిన్నది దగ్గర పెట్టడమే మేలు. మీకు డ్రిల్లు గొడవ కూడా ఉండదు.

కొనేటప్పుడు చూడాల్సినవి. మన ఇళ్లలో హోల్డర్లు పిన్ను టైపు, టేబుల్ ల్యాంపులు ఎక్కువగా మర టైపు. ఇంట్లో ఉన్న బల్బు సరిపోతుందనుకుని రావొద్దు. డబ్బా మీద వెలుగు రంగు 4000 కె అని ఉంటే తీసుకోండి. 6500 అంటే నీలి తెలుపు, అదే ఎక్కువ దొరుకుతుంది గానీ రాత్రి పూట కంటికి కటువుగా ఉంటుంది. బల్బు వెలిగించి ఫోను కెమెరా తెరిచి దగ్గరగా పెట్టి చూడండి. తెర మీద నల్ల చారలు గట్టిగా పాకుతుంటే ఆ బల్బు మినుకుతోందని లెక్క, కంటికి తెలియకపోయినా తలనొప్పి తెప్పిస్తుంది. వేరేది మార్చమనండి. ల్యాంపు టోపీ లోతుగా ఉండాలి. మీ కళ్లు బాబు కళ్ల ఎత్తుకి దించి చూడండి, బల్బు కనపడకూడదు.

గదిలో పెద్ద లైటు ఆర్పేసి ఒక్క ల్యాంపు కింద రాయించకండి. పేజీ తెల్లగా, చుట్టూ చీకటి ఉంటే తల ఎత్తిన ప్రతిసారీ కన్ను సర్దుకోవాల్సొస్తుంది. సీలింగు ఫ్యాను రెక్కల పైన లైటు ఉంటే అదీ చూసుకోండి, రెక్కల నీడ పేజీ మీద కొట్టుకుంటుంది.

ఎక్స్‌టెన్షన్ బాక్సు నేల మీద పెట్టొద్దు, తడిబట్ట పెట్టే ఇల్లు, నాలుగేళ్ల పాప. టేబులు వెనక కాలికి పలక కిందుగా స్క్రూతో బిగించి, తీగని కాలి వెంబడి ట్యాగులతో కట్టేయండి. వేలాడే తీగని పాప లాగితే ల్యాంపు మీద పడుతుంది.

తుంగచాప:

పై సలహాలు అన్నీ సరైనవే. కానీ రెండు గదుల ఇంట్లో 3 అడుగుల టేబులు, కుర్చీ, పీట పెడితే తిరగడానికి చోటేది? నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చునే అలవాటున్న పిల్లలకి రాత డెస్కు చాలు. అయిపోయాక గోడకి నిలబెట్టేయొచ్చు.

నేల మీద రాయడం చెడ్డదని చాలామంది అనుకుంటారు. పుస్తకం నేల మీద ఉండటం చెడ్డది. మెడ పూర్తిగా వంగిపోతుంది, వీపు గూనవుతుంది. పుస్తకం పైకి వస్తే ఆ బాధ లేదు. 124 సెం.మీ. పిల్లాడికి డెస్కు ముందు అంచు నేల నుంచి 25, 26 సెం.మీ. ఉండాలి. పిరుదుల కింద బొంత మడిచి 6 సెం.మీ. ఎత్తు వెయ్యండి, మోకాళ్ల కింద కాదు. అలా వేస్తే మోకాళ్లు కిందకి వాలి నడుము దానంతటదే నిటారు అవుతుంది. వెయ్యకపోతే పది నిమిషాలకే వీపు వంగుతుంది, పిల్లాడిని ఎంత గదమాయించినా లాభం లేదు. డెస్కు రెండు కాళ్ల మధ్య లోపలి వెడల్పు 60 సెం.మీ. తగ్గకూడదు, మోకాళ్లు పట్టాలి.

పలక ఏటవాలుగా ఉండాలి. 26 అంగుళాల వెడల్పు, 14 అంగుళాల లోతున్న పలకకి వెనక అంచు ముందు కంటే 3 అంగుళాలు ఎత్తు. 12 డిగ్రీల వాలు వస్తుంది. అంతకు మించితే నోట్‌బుక్కు జారుతుంది, చెయ్యి కిందకి లాగుతుంది. కింది అంచున సెంటీమీటరు ఎత్తు బద్ద కొడితే పుస్తకం, పెన్సిలు ఆగుతాయి. ఇదే ఏటవాలు పలక టేబులు మీద పెట్టుకున్నా మెడకి చాలా హాయి, అప్పుడు ముందు అంచు పల్చగా ఉండాలి. టేబులు చేయించినా ఇది మాత్రం తప్పకుండా చేయించండి, 9 మి.మీ. ప్లై ముక్క చాలు.

అరగంటకొకసారి లేవాలి. బాసింపట్టులో అంతకంటే ఎక్కువసేపు కాళ్లు నిలవవు.

బాడిసా_ఉలీ:

తుంగచాప గారు చెప్పిన డెస్కు మంచిదే, ఏటవాలు పలక మరీ మంచిది. ఒక్క మాట. అయిదో తరగతి దాటాక పుస్తకాలు రెండు మూడు తెరిచి పెట్టుకోవాలి, అప్పుడు 26 అంగుళాలు చాలదు. చోటు నిజంగా లేకపోతే డెస్కు, ఉంటే టేబులు.

వంశధార_రేవు:

మాది శ్రీకాకుళం తీరం వైపు. ఎండ, దోమ, కరెంటు, ఈ మూడింటి గురించి ఎవరూ రాయలేదు.

రేకుల కింద పడమటి గోడ సాయంత్రం ఆరు దాటినా వేడి వదలదు. టేబులు ఆ గోడకి ఆనించకండి. తూర్పు వైపో ఉత్తరం వైపో వేసి, గోడకి జానెడు ఎడం వదలండి. ఆ ఎడం వల్ల చెదలు ఎక్కినా కంటపడుతుంది. మార్చి నుంచి జూన్ దాకా మధ్యాహ్నం బడి నుంచి రాగానే రాయించడం మానేసి, స్నానం, కాస్త తిండి, ఆరున్నర తరవాత రాత. చెమటకి ముంజేయి పేజీకి అతుక్కుంటుంది, కాగితం తడిసి పెన్సిలు దిగబడి చిరుగుతుంది. పాత నూలు తువ్వాలు ముక్క చేతికింద వేసి రాయించండి. ఫ్యాను గాలి పేజీ మీద కొడితే పిల్లడు ఒక చేత్తో పేజీ పట్టుకునే కూర్చుంటాడు. స్టాండు ఫ్యానుని కిందకి దించి కాళ్ల వైపు తిప్పండి. ఒళ్లు చల్లబడుతుంది, పేజీ ఎగరదు, టేబులు కింద దోమ నిలవదు. దోమలు సందె వేళ టేబులు కింద చీకట్లోనే చేరతాయి. సంచులు, పాత పుస్తకాలు అక్కడ తొయ్యొద్దు. దోమల చుట్ట టేబులు కింద వెలిగించడం అస్సలు వద్దు, పొగ నేరుగా పిల్లడి మొహంలోకే వస్తుంది.

కరెంటు సంగతి. రోజువారీ కోతలకి ఇన్వర్టరు బల్బు చాలు. లోపల బ్యాటరీ ఉంటుంది, 9 వాట్లది కొత్తలో మూడు నాలుగు గంటలు వెలుగుతుంది, తరవాత తరవాత తగ్గుతుంది. స్విచ్చి ఆన్‌లోనే ఉంచాలి, ఆర్పేసి ఉంచితే చార్జింగు ఎక్కదు. అది మర టైపు దొరికితే ఆ టేబుల్ ల్యాంపులోనే పెట్టేయొచ్చు, కరెంటు పోయినా వెలుగు అక్కడే ఉంటుంది. బరువెక్కువ, ల్యాంపు అడుగు తేలిగ్గా ఉంటే ముందుకి తూలుతుంది, చూసుకోండి.

తుపాను వేరే సంగతి. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు మన రెండు జిల్లాల్లో చాలా ఊళ్లకి రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు ఇన్వర్టరు బల్బు మొదటి రాత్రికే అయిపోతుంది. చిన్న సోలారు లాంతరు ఒకటి ఇంట్లో ఉంచుకోండి, నెలకోసారి ఎండలో పెట్టి వెలిగించి చూడండి. కొవ్వొత్తి పుస్తకాల పక్కన పెట్టి రాయించొద్దు. వెలుగు ఊగుతుంది, పిల్లలు తల దగ్గరకి పెడతారు, జుట్టు అంటుకుంటుంది. చీకటిగా ఉంటే ఆ పూట ఎక్కాలు నోటితో చెప్పించండి, చాలు.

పాపకి కూడా అక్కడే చిన్న పీట, పలక, బలపం ఇచ్చి కూర్చోబెట్టండి. తనకీ చోటు ఉందనిపిస్తే అన్న పెన్సిలు జోలికి తక్కువ వస్తుంది. కంపాస్ డబ్బా, షార్పెనరు మాత్రం తన చెయ్యి అందని ఎత్తున.

వోల్టు_మీటరు:

ఒకటి కలుపుతున్నాను. ఎత్తులు, లైటు అన్నీ సరిచేశాక బాబు ఎంత దూరం నుంచి చూస్తున్నాడో చూడండి. మోచెయ్యి పేజీ మీద ఆనించి, పిడికిలి గడ్డానికి తగిలేంత దూరం ఉండాలి. ఇరవై నిమిషాలకొకసారి కిటికీలోంచి ఇరవై అడుగుల అవతలి చెట్టునో గోడనో ఇరవై సెకన్లు చూడమనండి. అన్నీ సరిగ్గా ఉండీ రెండు వారాల తరవాత కూడా పేజీకి ముక్కు ఆనిస్తుంటే అది టేబులు తప్పు కాదు. కంటి పరీక్ష చేయించండి, ప్రభుత్వ పెద్దాసుపత్రిలో చూస్తారు.

బాడిసా_ఉలీ:

పీట గురించి అడిగారు కదా. 18 అంగుళాల వెడల్పు, 12 అంగుళాల లోతు, ఎత్తు 12 సెం.మీ. నాలుగు కాళ్లకీ రబ్బరు బుష్షులు కొట్టించండి. టేబులు వెనక కాళ్ల మధ్య ఒక బద్ద వేయించి, పీట దానికి ఆనేలా పెడితే తన్నినా వెనక్కి పోదు. పీట పైన ముందు వైపు కంటే వెనక వైపు వేలెడు ఎత్తు ఉంటే పాదాలకి హాయి. సాదాగా ఉన్నా నష్టం లేదు.

సీటు లోతు 42, బాబు కొలత 33. మోకాలి మడత వెనక మూడు వేళ్ల సందు కావాలి, అంటే సీటు వాడకం 28, 29. మిగిలిన 13 సెం.మీ. వీపు వెనక నింపాలి. పాత దుప్పటి గట్టిగా చుట్టి, చీర ముక్కతో బిగించి, కుర్చీ వీపుకి రెండు చోట్ల కట్టేయండి. కట్టకపోతే రెండు రోజుల్లో అది ఆట వస్తువు అవుతుంది.

సంక్రాంతికి ఒకసారి, జూన్‌లో బడి తెరిచే ముందు ఒకసారి ఆ మూడు కొలతలూ మళ్లీ తియ్యండి. 31 కాస్తా 33 అయితే పీట కాళ్లు 2 సెం.మీ. కోయించండి. 18 కాస్తా 20 అయితే టేబులు కాళ్ల కింద 2 సెం.మీ. చెక్క ముక్కలు, నాలుగింటికీ ఒకే ముక్కలోంచి కోసినవి, కింద నుంచి ఒక్కో స్క్రూతో.